మేనమామ గంప

సుంగై సుమున్,
ఫిబ్రవరి 10, 1957.

చిరంజీవి తమ్ముడు దొరసామికి, నీ అక్క కూర్మమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

ముందు నీ ఒళ్ళు ఎలా ఉంది? దగ్గు తగ్గిందా? మరదలు కన్నియమ్మకు తలనొప్పి మళ్ళీ వచ్చిందా? మీ అత్తగారు అప్పలమ్మ వదిన మోకాలు ఎలా ఉంది? నేను ఆముదంలో వావిలాకు కాచి పంపిన నూనె రాస్తున్నారా, లేక మూల పెట్టారా? ఇక్కడ నేను బాగున్నానని రాస్తే అబద్ధం, బాగాలేనని రాస్తే నీకు దిగులు. కాబట్టి ఉన్నాను. రత్నావతి బాగుంది. కోళ్ళు బాగున్నాయి. పక్కింటి వెంకమ్మ పిన్నికి కళ్ళు మసకేశాయి గానీ ఎవరింట్లో ఏం వండారో ఇప్పటికీ ఆమెకే ముందు తెలుస్తుంది.

అడవిలోని తిరుగుబాటు వాళ్ళకు ఏమీ అందకుండా మన కూలీ లైన్ల ఇళ్ళ చుట్టూ వేసిన కంచె ఇంకా తీయలేదు. చీకటి పడితే గేటు మూసేస్తారు. నీకు నూనె పంపిన రోజున గేటు దగ్గర పోలీసు సీసా మూత తీసి వాసన చూసి, "ఏటిది, అడవిలో వాళ్ళకు మందా?" అన్నాడు. "మా తమ్ముడి అత్తకు" అన్నాను. నమ్మలేదు. నా చేతికే పూయించి, చర్మం కాలలేదని చూసుకుని అప్పుడు వదిలాడు.

అసలు సంగతి. రత్నావతికి సంబంధం కుదిరింది. అబ్బాయి తెలుక్ ఆన్సన్‌లో మోటారు షెడ్డులో పని చేస్తాడు. మాట నెమ్మది. గోళ్ళలో నల్లగా ఉంటుంది గానీ అది పని మురికే, మనిషి మురికి కాదు. శ్రావణంలో ముహూర్తం చూస్తున్నారు. మీ బావ జ్వరంతో పోయినప్పటి నుంచీ ఈ పిల్లకు మగదిక్కు నువ్వు ఒక్కడివే. మేనమామ గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తేనే మన ఆడపిల్ల పందిట్లో అడుగుపెట్టేది. నా పెళ్ళికి మన మావయ్య నన్ను అలాగే తెచ్చాడు. ఆయన వాకిట్లో తూలితే నేను గంప అంచు పట్టుకుని కెవ్వుమన్నానట, ఇప్పటికీ వెంకమ్మ పిన్ని చెప్పి నవ్వుతుంది. నువ్వు తూలవు. పరిగెత్తేవాడివి.

ఇంకొకటి. మన ఎస్టేటు గుమాస్తా పేపరు చదివి, "హాకీ ఆడేవాళ్ళ పేర్లలో మీ తమ్ముడి పేరు లేదే" అన్నాడు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు. ఏమైంది? నీ మీద ఎవరికైనా కోపం వచ్చిందా? ఆట చూసి రైల్వేవాళ్ళు ఉద్యోగం ఇచ్చారు కదా, ఆట మానేస్తే ఉద్యోగం ఉంటుందా? నీ బదులు ఎవరిని పెట్టారు? కొబ్బరిమట్ట చెక్కి కర్ర చేసుకున్నందుకు చిన్నప్పుడు నిన్ను కొట్టాను. ఆ మట్టతోనే నువ్వు ఇంత పైకి వచ్చావు. దిష్టి తగిలిందేమో.

వెంటనే జవాబు రాయి. రాయకపోతే నేను ఏమేమి ఊహిస్తానో నీకు తెలుసు.

ఇట్లు, నిన్ను పెంచిన
అక్క కూర్మమ్మ


కౌలాలంపూర్,
మార్చి 3, 1957.

అక్కకు, తమ్ముడు దొరసామి నమస్కారాలు.

మేమంతా క్షేమం. రత్నావతి పెళ్ళి కబురు చదివి కన్నియమ్మ నీ ఉత్తరాన్ని కళ్ళకు అద్దుకుంది. పిల్లకు నా దీవెనలు. మొన్నటి దాకా నా భుజం మీద కూర్చుని నా చెవులు పట్టుకుని గుర్రం తోలినట్టు తోలేది.

ఆట నేనే మానేశాను అక్కా. ఎవరూ మాన్పించలేదు. వయసు ముప్పై ఏడు దాటింది. ఇప్పటి కుర్రాళ్ళు బంతిని కర్రకు అంటించుకున్నట్టు లాక్కుపోతారు. ఉద్యోగం గురించి బెంగపడకు. రైల్వే మైదానం మొత్తం నా చేతికి అప్పగించారు. గడ్డి, గోల్ వలలు, గీతలు అన్నీ నావే. గీతలు గీయడానికి సున్నం బండి ఉంటుంది. తొట్టిలో సున్నం నీళ్ళు, కింద చక్రాలు, వెనక పొడుగు పిడి. ఆ పిడి పట్టుకుని తోస్తూ వెళితే మైదానం చుట్టూ ఇట్టే తిరిగి వచ్చేస్తాను. చాలా హాయైన బండి.

నా బదులు ఎవరని అడిగావు. ఆట మొదలయ్యాక ఎవడికైనా దెబ్బ తగిలితే వాడి బదులు ఇంకొకడు దిగడానికి మా ఆటలో లేదు. మిగిలిన పదిమందే ఆడాలి. ఒకసారి ఈపోలో సిపాయిల జట్టుతో ఆడుతుంటే మావాడికి పన్ను విరిగింది. వాడు గట్టున కూర్చుని నెత్తురు ఉమ్ముతూనే మమ్మల్ని తిట్టి తిట్టి గెలిపించాడు. నా సంగతి అది కాదులే. కొత్త సంవత్సరం, కొత్త జట్టు, కొత్త కుర్రాడు.

శ్రావణం మాత్రం కష్టం. ఆగస్టు ఆఖరుకి మెర్డెకా, ఈ దేశానికి స్వాతంత్ర్యం. ఊళ్ళో ప్రతి మైదానంలోనూ ఏదో ఒక పండగే. అందరికీ సెలవులు ఆపేశారు. గంప సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

అత్తయ్యకు మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది. నూనె బాగా పని చేస్తోంది. ఇంకో సీసా పంపగలవా?

నీ తమ్ముడు
దొరసామి


సుంగై సుమున్,
ఏప్రిల్ 14, 1957.

చిరంజీవి దొరసామికి,

నీ ఉత్తరం అందింది. మైదానం మొత్తం నీకు అప్పగించారని చదివి నేను లైన్లన్నీ తిరిగి చెప్పాను. "మా తమ్ముడు ఇప్పుడు మైదానానికి పెద్ద" అంటే, వెంకమ్మ పిన్ని, "అయితే మన గేటుకు కూడా పెద్దని చేయమను, కాస్త ఆలస్యంగా మూయిస్తాడు" అంది. ఆమె నోటికి కర్ఫ్యూ లేదు.

లారీ పళనిసామి కౌలాలంపూర్ వస్తుంటే నూనె సీసా, మునక్కాయలు, పచ్చిమిరపకాయలు ఇచ్చి పంపాను. ఈసారి గేటు దగ్గర ఏమీ అనలేదు. పోలీసు తల్లికి కూడా ఓ చెంచాడు ఇచ్చాను.

పళనిసామి తిరిగొచ్చి చెప్పింది విన్నాక నాకు నిద్ర లేదు. నేను అడిగింది, వాడు చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"మా తమ్ముడు ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు అక్కా. కుర్చీలో కూసున్నాడు."

"నిన్ను చూసి లేవలేదా?"

"లేవలేదు లా. కాలు బల్ల మీద సాపుకుని, మీద దుప్పటి కప్పుకుని, దొర మాదిరి కూసున్నాడు. వాకిట్లోకి కూడా రాలేదు. ఆళ్ళావిడే వచ్చి మునక్కాయలు దింపుకుంది."

తమ్ముడూ, పళనిసామి నిన్ను ఎన్నిసార్లు లారీ ఎక్కించుకుని ఆటకు తీసుకెళ్ళాడు? అడవిలోంచి కాల్పులు జరుగుతున్న రోజుల్లో, నువ్వు తెలుక్ ఆన్సన్‌లో ఆడాలని ఏడిస్తే, రబ్బరు షీట్ల కింద దాచి తీసుకెళ్ళాడు. అలాంటివాడు వస్తే కుర్చీలోంచి లేవవా? పట్నం గాలి మనిషికి ఇంత తొందరగా పడుతుందా? నువ్వు అలాంటివాడివి కావు. ఎవరో నేర్పుతున్నారు. ఎవరని నేను అనను. మీ అత్తగారి మోకాలికి నా నూనె పనికొస్తుంది. నా పిల్ల పెళ్ళికి మాత్రం మీరు ఎవరూ పనికిరారా?

సరే. సెలవు లేదన్నావు కాబట్టి మగపెళ్ళివారిని బతిమాలి ముహూర్తాన్ని కార్తీకానికి జరిపించాను. వాళ్ళు మొహం మాడ్చారు. "మేనమామ కోసం పెళ్ళి ఆపుతారా?" అన్నారు. ఆపుతాం అన్నాను. మెర్డెకా అప్పటికి అయిపోతుంది కదా. ఇంక నీకు అడ్డు లేదు.

పిల్ల బరువని భయపడకు. ఈ రేషను బియ్యంతో ఎవరు లావెక్కుతారు? గాలికి ఎగిరిపోయేలా ఉంది.

అక్క


కౌలాలంపూర్,
మే 12, 1957.

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పళనిసామి వచ్చినప్పుడు నేను లేవకపోవడం తప్పే. ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదు. వాడికి నా తరఫున చెప్పు. కన్నియమ్మ మీద, అత్తయ్య మీద అనుమానం పెట్టుకోకు. వాళ్ళు నీ పేరు తలవని రోజు లేదు.

పెళ్ళి కార్తీకానికి జరిపావా? నా కోసం అంత పని ఎందుకు చేశావు? నేను బాగా ఆలోచించి రాస్తున్నాను. మన పిన్ని కొడుకు అచ్చయ్య ఉన్నాడు. వరసకు వాడూ రత్నావతికి మేనమామే. దున్నపోతులా ఉంటాడు, కొబ్బరికాయల బస్తా ఒంటి చేత్తో విసురుతాడు. గంప వాడి చేత ఎత్తించు. నేను వీలైతే వస్తాను. రాలేకపోయినా నా దీవెన ఉంటుంది. పిల్లకు చీర నేనే పంపుతాను.

కోపం తెచ్చుకోకు.

దొరసామి


సుంగై సుమున్,
జూన్ 2, 1957.

దొరసామికి,

అచ్చయ్య మంచివాడే. నేను వాడికి జోల పాడలేదు. అమ్మ పోయిన రోజు నుంచీ నా కొంగు పట్టుకు తిరిగింది వాడు కాదు.

నీ ఉత్తరం రత్నావతి చదివింది. వెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నిన్ననే ఏరిన బియ్యం.

చీర పంపొద్దు. ఇంక నేను అడగను. నూనె సీసా ఇంకొకటి కాచి ఉంచాను కాబట్టి పంపుతున్నాను. వయసు మీద పడ్డ మనిషి నొప్పితో బాధపడకూడదు. ఆమె మీద నాకు కోపం లేదు.

కూర్మమ్మ


కౌలాలంపూర్,
సెప్టెంబరు 3, 1957.

అక్కకు,

ఇన్నాళ్ళు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

మెర్డెకా అయింది. మా మైదానంలో బడిపిల్లల ఆటలు పెట్టారు. గోనెసంచుల పరుగు, తాడు లాగుడు. గీతలన్నీ నేనే గీశాను. పొద్దున్నే వాన పడి సగం చెరిగిపోతే మళ్ళీ గీశాను. పాత జట్టువాళ్ళు వచ్చి, "దొరా, ఒక కర్ర పట్టుకో, సరదాగా ఆడదాం" అన్నారు. సున్నం ఆరలేదని చెప్పి తప్పించుకున్నాను. పదిహేనేళ్ళు ఇలాంటి గీతల మధ్య పరిగెత్తాను. ఇప్పుడు వాటి మీద అడుగు పడకుండా నడుస్తున్నాను.

నువ్వు రాయకపోతే ఇంట్లో ఎవరికీ తోచడం లేదు. అత్తయ్య వాళ్ళ తమ్ముణ్ణి చూడడానికి తెలుక్ ఆన్సన్ వెళుతోంది. కోపం పోయి ఉంటే ఒక్క ముక్క రాయి. పిల్ల ఎలా ఉంది?

దొరసామి


సుంగై సుమున్,
సెప్టెంబరు 22, 1957.

చిరంజీవి తమ్ముడు దొరసామికి, అక్క కూర్మమ్మ దీవించి రాస్తున్నది.

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కాలు బల్ల మీద చాపుకునే చదువు.

పోయిన ఆదివారం బెల్లం కోసం తెలుక్ ఆన్సన్ మార్కెట్టుకు వెళ్ళాను. చేపల వరస దాటుతుంటే ఎదురుగా నెత్తిన చింతపండు మూట పెట్టుకుని ఒక మనిషి బస్సు వెంట పరిగెడుతోంది. చీర ఎగ్గట్టి, "ఆపయ్యా, ఆపు!" అని అరుస్తూ లేడిపిల్లలా గెంతుతోంది. బస్సు ఆగలేదు. మనిషి వెనక్కి తిరిగింది. చూస్తే అప్పలమ్మ వదిన!

"వదినా, మోకాలు ఇంత బాగా నయమైపోయిందా? నా నూనె అంత పని చేసిందా?" అన్నాను సంతోషంగా.

"నా మోకాలికేటి వదినా? నిక్షేపంలాగుంది."

"మరి నేను పంపిన సీసాలు?"

"అయ్యా? అయి అల్లుడికి కదా!" అనేసి, చింతపండు మూటతో సహా అక్కడే చతికిలబడింది. "అయ్యో, సెప్పొద్దన్నాడు. నేను సెప్పలేదు వదినా. నువ్వు నన్ను సూడలేదు, నేను నిన్ను సూడలేదు."

వదిలిపెడతానా? టీ కొట్టులోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టాను. ఏడుస్తూ అంతా చెప్పింది. పోయిన ఏడాది ఆస్ట్రేలియాకు వెళ్ళే జట్టు కోసం ఆడుతున్నప్పుడు మోకాలు మెలిపడిందనీ, లోపల ఏదో తెగిందనీ, డాక్టరు ఇంక పరిగెత్తొద్దన్నాడనీ. ఆట నువ్వు మానలేదు, కాలు మానేసింది. పళనిసామి వచ్చిన రోజు నువ్వు లేవలేదు కాదు, లేవలేకపోయావు. నేనేమో పట్నం గాలి అన్నాను. మీ ఆవిణ్ణి, అత్తగారిని మనసులో ఎన్ని అన్నానో, అవి కాయితం మీద పెట్టనందుకు అమ్మవారికి దండం.

ఎందుకు దాచావురా? అక్క బెంగపడుతుందనా? చెప్తే ఒక్క మోకాలికే బెంగపడేదాన్ని. చెప్పకపోతే ఉద్యోగం పోయిందనీ, మనసు మారిందనీ, దిష్టి అనీ, నా పెంపకం తప్పనీ, లోకంలో ఉన్న బెంగలన్నీ పడ్డాను. ఏది తేలిక?

ఇంటికొచ్చి రత్నావతికి చెప్పాను. అది లేచి నీ పాత ఉత్తరాలన్నీ తెచ్చి మళ్ళీ చదివింది. సున్నం బండి దగ్గర ఆగి, "అమ్మా, మావయ్య ఈ బండిని ఎందుకింత పొగిడాడో తెలుసా? పిడి మీద బరువు మోపి నడుస్తున్నాడు" అంది. నాకు అప్పుడు తట్టింది. మన ఎస్టేటులో కొబ్బరికాయలు తోసే బండి ఉంది కదా, నాలుగు చక్రాలు, వెనక పొడుగు పిడి.

నేరుగా వెంకమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళాను. పెళ్ళి పద్ధతులకు మనకు ఆమే పెద్ద.

"పిన్నీ, గంప గురించి పెద్దలు ఏం చెప్పారు?"

"పిల్ల కాలు నేల తాకకూడదు. గంప నేలకు ఆనకూడదు. తెచ్చేది మేనమామ అవ్వాల."

"అంతేనా?"

"అంతే. ఏటే?"

"గంప కింద చక్రాలు ఉండకూడదని ఎవరైనా చెప్పారా?"

పిన్ని పొగాకు నమిలి ఉమ్మింది. "సెప్పలేదు. మన పెద్దోళ్ళు సక్రాలు ఎక్కడ సూసినారే? ఓడ దిగినాక నడిసే కదా వొచ్చినారు" అంది.

కాబట్టి గంప బండి మీద, పిల్ల గంపలో, పిడి నీ చేతిలో. అచ్చయ్య సంగతి ఎత్తకు. దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకడు దిగడానికి లేదని నువ్వే రాశావు. పెళ్ళి మాటలు మొదలైన రోజే మా ఆట మొదలైంది.

నిజం చెప్తూ జవాబు రాయి.

నీ అక్క
కూర్మమ్మ


కౌలాలంపూర్,
అక్టోబరు 6, 1957.

అక్కా,

అత్తయ్య ఇంటికొచ్చి మూడు రోజులు నా మొహం చూడలేదు. మార్కెట్టులో పడి దెబ్బ తగిలిందని కట్టు కట్టుకుని తిరిగింది. నీ ఉత్తరం వచ్చాక విప్పింది. ఆ కట్టు కూడా రోజుకో మోకాలికి కట్టింది.

నిజం రాయమన్నావు. రాస్తున్నాను. నీ బెంగ ఒక్కటే కాదు. నాకు భయం వేసింది. నీ మొదటి ఉత్తరం వచ్చిన వారంలోనే పెద్ద గంప ఒకటి తెచ్చి కన్నియమ్మను కూర్చోబెట్టి ఎత్తి చూశాను. రెండు అడుగులు వేశాను. ఇద్దరమూ కోళ్ళగూటి మీద పడ్డాం. ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అందరి ముందూ, పందిట్లో, రత్నావతిని అలా పడేస్తానేమోనని రోజూ అదే కళ్ళ ముందు మెదిలేది. నన్ను మీరంతా పరిగెత్తేవాడిగానే చూశారు. అలాగే గుర్తుపెట్టుకుంటే చాలనుకున్నాను.

బండి తోయగలను. అది ఒక్కటే ఇప్పుడు నేను అందరికన్నా బాగా చేసే పని. వాకిట్లోంచి పందిరి దాకా సున్నంతో ఒక గీత గీస్తాను. గీత మీద నుంచి చక్రం పక్కకు పోనివ్వను. పళనిసామితో చెప్పి ఇరుసులకు గ్రీజు వేయించు. నేను రెండు రోజులు ముందే వచ్చి ఒకసారి తోసి చూసుకోవాలి.

సెలవు అడిగాను. ఇచ్చారు. తేదీ నువ్వే చెప్పు.

దొరసామి


సుంగై సుమున్,
అక్టోబరు 27, 1957.

చిరంజీవి తమ్ముడు దొరసామికి, అక్క కూర్మమ్మ దీవెనలు. కన్నియమ్మకు, అప్పలమ్మ వదినకు, ఆమె రెండు మోకాళ్ళకూ దీవెనలు.

ముహూర్తం ఆదివారం, నవంబరు పది. మగపెళ్ళివారికి బండి సంగతి చెప్పాను. వాళ్ళ పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. పెళ్ళికొడుకు మాత్రం మెల్లగా, "ఇరుసు కిర్రుమంటోంది, నేను సూస్తాను అత్తా" అని ఆ సాయంత్రమే చక్రాలు విప్పి కూర్చున్నాడు. ఆ గోళ్ళ నలుపు మీద నాకు ఇప్పుడు గౌరవం వచ్చింది. గేటు మూసే వేళయిందని పోలీసు వచ్చి, తనే దీపం పట్టుకుని నిలబడ్డాడు.

బండి గట్టిదో కాదో చూడాలని వెంకమ్మ పిన్నిని గంపలో కూర్చోబెట్టి పళనిసామి చేత తోయించాను. లైన్ల చివర దాకా వెళ్ళి వచ్చింది. దిగమంటే, "నా పెళ్ళికి ఇయన్నీ లేవు, ఇంకోసారి తొయ్యండి" అంది. దింపడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

నాకు ఇంకా భయాలు ఉన్నాయి. వాన పడితే గీత చెరిగిపోతుందేమో. పడితే మళ్ళీ గీస్తావులే. సున్నం మూట చూసి గేటు దగ్గర ఆపుతారేమో. ముందే చెప్పి ఉంచాను. బస్సు కుదుపుకు మోకాలు నొప్పి చేస్తుందేమో. కిటికీ పక్కన కాకుండా కాలు చాపుకునేలా అంచున కూర్చో. గుర్తింపు కార్డు మరవకు. నూనె సీసా చేతి సంచిలోనే పెట్టుకో. ఇక్కడ ఇంకోటి కాచాను.

రత్నావతి నీకు చెప్పమన్న మాట: "మావయ్యను భయపడొద్దను. ఈసారి కూడా నేనే తోల్తాను. ఆయన చెవులు అందకపోతే గంప అంచు పట్టుకుని, కుడి, ఎడమ సెప్తాను."

బస్‌స్టాండులో నేను పొద్దుటి నుంచే ఉంటాను. దిగేటప్పుడు అందరూ చూస్తున్నారని నిటారుగా నడవాలని చూడకు. నీ నడక ఇప్పుడు ఎలా ఉందో అలాగే, కుంటుతూనే దిగు. నేను అదీ నేర్చుకోవాలి కదా.

శుక్రవారం, నవంబరు ఎనిమిది. తెలుక్ ఆన్సన్.

అక్క
కూర్మమ్మ